పప్పుబెల్లాలు – టూత్‌బ్రష్షు

నవంబరు మొదటి వారంలో ఒక ఆదివారం ఉదయం అమెరికా నుంచి మా అన్నగారి మనవరాలు ఫోను చేసింది. ఏడేళ్ళ పిల్ల. న్యూజెర్సీలో పుట్టి అక్కడే పెరుగుతున్నది. తెలుగు చక్కగా అర్థమవుతుంది గాని, మాట్లాడవలసి వచ్చినప్పుడు వాక్యంలో క్రియ ఒక్కటే తెలుగులో ఉంటుంది. ఆనాడు మాత్రం కుశలప్రశ్నలు కూడా లేకుండా నేరుగా ఫిర్యాదులోకి దిగింది.

“చిన్నతాతయ్యా! హాలోవీన్‌కి ఒకాయన నాకు టూత్‌బ్రష్ ఇచ్చారు!”

ఆ గొంతులోని ఆవేదన వింటే, పదోన్నతుల జాబితాలో పేరు లేని మన సహోద్యోగి ఎవరైనా గుర్తుకు రాక మానరు.

ఆ పండుగ సంగతి ఎరుగని పాఠక మిత్రుల కోసం రెండు మాటలు. ఏటా అక్టోబరు 31వ తేదీ సాయంత్రం అక్కడి పిల్లలు దయ్యాలుగా, మంత్రగత్తెలుగా, తమకు నచ్చిన వీరులుగా వేషాలు వేసుకొని ఇంటింటికీ వెళ్ళి తలుపు తడతారు. మిఠాయి పెడతారా, అల్లరి చేయమంటారా అని బెదిరిస్తారు. గృహస్థులు భయపడినట్టు నటించి వారి సంచులలో చాక్లెట్లు వేస్తారు. మధ్యయుగపు ఇంగ్లండులో గతించినవారి స్మరణ దినాలలో బీదలూ పిల్లలూ ఇంటింటికీ వెళ్ళి, పోయినవారి ఆత్మల కోసం ప్రార్థిస్తామని చెప్పి చిన్న రొట్టెలు పుచ్చుకొనే ఆచారం ఉండేది. దానికీ దీనికీ చుట్టరికం ఉన్నదంటారు. రెండవ ప్రపంచ యుద్ధంలో, 1942లో, అమెరికాలో పంచదారకు రేషను పెట్టారు. అది 1947 వరకు సాగింది. పంచదార లేనిదే పండుగ ఎక్కడిది? ఆ సంవత్సరాలలో ఈ వేడుక సన్నగిల్లి, తరువాత రెట్టింపు ఉత్సాహంతో తిరిగి వచ్చింది. 1950లో ఫిలడెల్ఫియా పిల్లలు మిఠాయిలతో పాటు చిల్లర కూడా అడిగి పోగుచేసి, ఇతర దేశాల పిల్లల కోసం యూనిసెఫ్‌కు పంపే పద్ధతి ఆరంభించారు.

ఇంత చరిత్ర ఉన్న పండుగలో ప్రతి వీధికీ ఒక విచిత్రమైన ఇల్లు ఉంటుందట. అందరూ చాక్లెట్లు ఇస్తుంటే ఆ ఇంటివారు ఎండు ద్రాక్ష పొట్లమో, ఆపిల్ పండో, పళ్ళ డాక్టరయితే టూత్‌బ్రష్షో ఇస్తారు. మన పరిభాషలో చెప్పాలంటే ఇండెంటు పెట్టినది ఒకటి, స్టోర్సు నుంచి ఇష్యూ అయినది మరొకటి. ముప్పై ఏళ్ళుగా ఈ బాధ పడుతున్నవాడిని గనుక పిల్లకు నా సానుభూతి తెలియజేశాను.

ఫోను పెట్టేసిన తరువాత మాత్రం నవ్వు రాలేదు. అంతకు కొద్ది వారాల ముందే, నా గుమ్మంలోకి వచ్చిన ఒక పిల్లకు టూత్‌బ్రష్షు కన్నా అన్యాయమైన వస్తువును నా చేతులతో నేనే ఇచ్చి ఉన్నాను.

* * *

బదిలీ మీద పుదుచ్చేరి వచ్చినప్పటి నుంచి మేము వైతికుప్పంలో ఒక మేడమీది వాటాలో అద్దెకు ఉంటున్నాము. తమిళంలో కుప్పం అంటే సముద్రపుటొడ్డు జాలరిపల్లె. పట్టణంలో కలిసిపోయినా ఈ పేట తన పాత వృత్తిని విడిచిపెట్టలేదు. మాసిమగం నాడు జరిగే తీర్థవారికి మైలం సుబ్రహ్మణ్యస్వామి మొదలుగా అనేక ఆలయాల ఉత్సవమూర్తులు ఇక్కడి తీరానికి వేంచేస్తారు. ఆ ఒక్కరోజు మా వీధిలో కాలు పెట్టడానికి చోటుండదు. తక్కిన రోజులలో వలలు బాగుచేసుకునేవారు, పడవ ఇంజన్లు విప్పుకొని కూర్చున్నవారు కనిపిస్తారు. యంత్రాల మనిషిని కావడం చేత ఆ ఇంజన్ల దగ్గర నేను కూడా ఒక్కొక్కసారి ఆగి, అడగని సలహాలు ఇస్తూ ఉంటాను.

మా కోనసీమ ఇంట బొమ్మల కొలువు సంక్రాంతికి పెట్టేవారు. ఇక్కడ నవరాత్రులలో పెడతారు. ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి పద్ధతి అని మా ఆవిడ కొలువును దసరాకు మార్చింది. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి గనుక మొదటి సంవత్సరం మూడు, ఇప్పుడు ఐదు. సాయంత్రం దీపం పెట్టగానే పేరంటాళ్ళు వస్తారు, పిల్లలూ వస్తారు. పిల్లలు కొలువు ముందు నిలబడి ఒక పాట పాడతారు. పాడినందుకు వారికి సుండల్ పెట్టాలి. మన గుగ్గిళ్ళే. ఒకనాడు శనగలు, ఒకనాడు పెసలు, ఒకనాడు బొబ్బర్లు. పైన కొబ్బరి కోరు, ఆవాలు, కరివేపాకు తిరగమోత.

పెద్దవారికి తాంబూలంతో పాటు రవికెగుడ్డ ఇస్తారు. మొదటి సంవత్సరం మేము ఇచ్చిన ఆకుపచ్చ రవికెగుడ్డ ఎన్ని ఇళ్ళు తిరిగిందో గాని, తొమ్మిదవ రోజుకు క్షేమంగా మా ఇంటికే చేరుకున్నది. అంచున పడిన పసుపు మరకను బట్టి మా ఆవిడ దానిని గుర్తుపట్టింది. మన స్టోర్సులో కదలని సరుకు అని ఒక పద్దు ఉంటుంది కదా. ఇది ఎక్కడా ఆగని సరుకు.

ఇక అసలు సంగతి. గత నవరాత్రులలో ఐదవనాడు యానాంలో మా అత్తగారికి సుస్తీ చేసిందని కబురు వచ్చింది. యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమే అయినా, ఇక్కడికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన గోదావరి ఒడ్డున ఉన్నది. మా ఆవిడ ఆ రాత్రే బయలుదేరుతూ రెండు ఆదేశాలు ఇచ్చింది. సాయంత్రం దీపం పెట్టడం మరచిపోవద్దు. రాత్రి పడుకోబోయే ముందు శనగలు నానబెట్టడం మరచిపోవద్దు. మొదటిది గుర్తున్నది.

మరునాడు ఆఫీసులో పంపు మరమ్మతు పని ఆలస్యమై ఏడు గంటలకు ఇల్లు చేరాను. దీపం పెట్టీ పెట్టగానే నలుగురు ఆడపిల్లలు వచ్చారు. బుద్ధిగా నిలబడి పాట మొత్తం పాడారు. పాట పూర్తవుతూ ఉండగా నాకు శనగలు జ్ఞాపకం వచ్చాయి. వంటింట్లో వెదికితే పిల్లలకు పెట్టదగినది ఏదీ చేతికి తగలలేదు. బీరువా తెరిస్తే పై అరలో ఎవరో సరఫరాదారులు పంచిపెట్టిన బల్లమీది క్యాలెండర్ల కట్ట కనిపించింది. దుమ్ము దులిపి తలా ఒకటి ఇచ్చాను. అందులో చిన్నపిల్ల, మా వీధి చివర పడవ ఉన్న వారి అమ్మాయి, దానిని రెండు వైపులా తిప్పి చూసి, “సుండల్ ఇల్లైయా, అంకుల్?” అని అడిగింది. లేదమ్మా, రేపు రండి అన్నాను. నలుగురూ ఏమీ అనకుండా మెట్లు దిగి వెళ్ళిపోయారు.

మరునాడు సాయంత్రం ఆ చిన్నపిల్ల ఒక్కతే వచ్చింది. క్యాలెండరును రెండు చేతులతో నా ముందు పెట్టి, అది పోయిన సంవత్సరానిదనీ, పొరపాటున ఇచ్చినట్టున్నాననీ తన భాషలో నెమ్మదిగా చెప్పింది. ఆ ముఖంలో వెటకారం ఏమీ లేదు. పెద్దవారు పిల్లల చేతిలో పనికిరాని వస్తువు పెట్టి పంపుతారని ఆ పిల్లకు తోచలేదు. పొరపాటే అయి ఉంటుందని నమ్మి, నా వస్తువును నాకు భద్రంగా చేర్చింది.

నేను దానిని అందుకొని నిలబడిపోయాను. అప్పుడు నలభై ఏళ్ళకు పైబడిన ఒక పాత బాకీ నాకు గుర్తుకు వచ్చింది.

* * *

అది 1978 దసరా. నాకు ఎనిమిదేళ్ళు. పూర్వం మన పల్లెలలో దసరాకు పంతులుగారు బడిపిల్లలను వెంటబెట్టుకొని ఇంటింటికీ వెళ్ళే ఆచారం ఉండేది. పిల్లలు కొత్త బట్టలు కట్టుకొని, రంగుకాగితాలు అంటించిన విల్లంబులు పట్టుకొని, దసరా పద్యాలు పాడేవారు. విల్లులో పూలరేకులో బుక్కాయో నింపి ఇంటివారి మీద చిమ్మేవారు. పంతులుగారికి కట్నం, పిల్లలకు పప్పుబెల్లాలు ఇచ్చి పంపడం గృహస్థుల ధర్మం. జీతాలు సరిగా లేని వీధిబడి రోజులలో ఆ కట్నమే పంతులుగారికి సంవత్సరాదాయంలో ముఖ్యభాగం. పిల్లలకు వేయించిన శనగపప్పు, బెల్లంముక్క. అంత చవకైన తాయిలం గనుకనే నేటికీ ఎవరైనా సొమ్మును ఎడాపెడా పంచితే పప్పుబెల్లాల్లా పంచారని పత్రికలు రాస్తూ ఉంటాయి. ఆ మాట వెనుక ఒక పంతులుగారు, ఇరవైమంది పిల్లలు ఉన్నారన్నది మాత్రం చాలామంది మరచిపోయారు.

మా కాలానికి ఆ ఆచారం చాలా ఊళ్ళలో అంతరించింది. మా ఊళ్ళో పదవీ విరమణ చేసిన ఒక మాస్టారు దానిని పట్టుదలగా నిలబెట్టారు. ఆయనకు కట్నంతో పనిలేదు. పద్యం పిల్లల నోట నిలబడాలన్నదే ఆయన తాపత్రయం.

ఆ ఏడు మాకు దక్కిన బహుమతుల జాబితా ఇప్పటికీ నాకు కంఠతా ఉన్నది. పెద్దరైతుగారి ఇంట పప్పు, బెల్లం, ఒక్కొక్క అరటిపండు. పోస్టుమాస్టరుగారు తలా ఒక పోస్టుకార్డు ఇచ్చి, ఉత్తరం రాయడం నేర్చుకోండర్రా అన్నారు. మాలో ఒకడు ఆ కార్డును ఆకాశవాణి విజయవాడ కేంద్రానికి రాసి, నెల్లాళ్ళు రేడియోకు చెవి ఆనించి కూర్చున్నాడు. వైద్యం చేసే ఒక పెద్దమనిషి, మిఠాయి తింటే పురుగులు పడతాయని ముందుచూపుతో, మిఠాయికి బదులు నులిపురుగుల మాత్రలు పంచారు. మావాడొకడు పంచదార బిళ్ళలనుకొని అందరి వంతూ అడిగి పుచ్చుకొన్నాడు. మరునాడు వాడు బడికి రాలేదు. ఊళ్ళోకెల్లా పెద్ద మేడ ఉన్నవారు రేపు రండి అన్నారు. మరునాడు వెళితే ఊరు వెళ్ళారని తెలిసింది.

అన్నిటికన్నా చివర కాలవగట్టు మీద ఒక తాటాకుపాక. అందులో ఒక ముసలామె ఒంటరిగా ఉండేది. ఊరందరికీ మామ్మ. వేసవిలో ఇంటింటికీ వెళ్ళి చింతపండు కొట్టి పిక్కలు తీసిపెట్టడం ఆమె పని. కూలి డబ్బులు ఎంతో నాకు తెలియదు గాని, తీసిన పిక్కలు మాత్రం ఆమెవే. మేము ఆ పాక దాటి వెళ్ళిపోబోతుంటే ఆమె తడిక తీసి, “ఏం పంతులుగారూ, నా గుమ్మం కనబడలేదా?” అని పిలిచింది.

మాస్టారు మమ్మల్ని వెనక్కు తిప్పారు. మేము తొందరగా నాలుగు చరణాలు పాడి ముగించబోతే ఆయన కర్రతో నేల మీద తట్టారు. రైతుగారి ఇంట ఎంత పాడామో అంతా పాడించారు. ఆమె లోపలి నుంచి ఒక చేట తెచ్చి తలా ఒక గుప్పెడు పెట్టింది. చింతపిక్కలు! ఇసుకలో వేయించి, పైపొట్టు కొట్టి తీసి, ఉప్పునీటిలో నానబెట్టినవి. పిల్లలం ఒకరి ముఖాలు ఒకరం చూసుకొని కిసుక్కున నవ్వాము. మాస్టారు మాత్రం ఉత్తరీయం చెంగు పట్టి తన వంతు పుచ్చుకొని, ఒకటి నోట్లో వేసుకొని, దవడకు బలం మామ్మగారూ అన్నారు.

పాక దాటి పది అడుగులు వేశామో లేదో, నేను నా గుప్పెడూ తుప్పలలోకి విసిరేశాను. విసిరి వెనక్కు తిరిగితే ఆమె తడిక దగ్గర నిలబడి చూస్తున్నది. ఒక్క మాట అనలేదు. మరునాడు కాలవకు నీళ్ళకు వెళ్ళినప్పుడు ఆమె ఆ తుప్పల దగ్గర వంగి, పిక్కలను ఒక్కొక్కటే ఏరి చేటలో వేసుకోవడం కనిపించింది. నేను బిందె పట్టుకొని వేరే రేవుకు వెళ్ళిపోయాను.

* * *

1998లో ఆఫీసు పని మీద ఇబ్రహీంపట్నం వెళ్ళినప్పుడు తీరిక చిక్కి పక్కనే ఉన్న కొండపల్లి చూడడానికి వెళ్ళాను. అక్కడి బొమ్మలను తెల్లపొణికి కర్రతో చెక్కుతారని అందరికీ తెలుసు. ఒక పనివారి ఇంట చూస్తే శరీరం వేరుగా, చేతులు వేరుగా, తలపాగా వేరుగా చెక్కి పెట్టి ఉన్నాయి. కల్లుగీత కార్మికుడి బొమ్మ ఒకటి అప్పుడే జోడిస్తున్నారు. మేకు లేదు, మర లేదు. ఏదో గోధుమరంగు ముద్ద పెట్టి చేతిని భుజానికి అదిమి అతికిస్తున్నారు. ఇంజనీరుకు సహజమైన కుతూహలంతో ఆ బంక ఏమిటని అడిగాను.

“మక్కు అండీ. చింతగింజల పిండీ, రంపపు పొట్టూ కలిపి చేస్తాం.”

తరువాత విచారిస్తే చింతగింజ పిండి బట్టల మిల్లులలోనూ, జనపనార మిల్లులలోనూ నూలుకు గంజి పెట్టడానికి ఉపయోగపడుతుందని తెలిసింది. నేను తుప్పలలోకి విసిరినది ఒక పరిశ్రమకు ముడిసరుకు. అయితే నన్ను గుచ్చినది అది కాదు. పిక్కలకు విలువ లేకపోయినా నా తప్పు తప్పే. ఆమె ఆ గుప్పెడు కోసం ఇసుక కాచింది, పొట్టు కొట్టింది, ముందురోజే నీళ్ళలో వేసి ఉంచింది. అంటే పిల్లలు వస్తారని ఒకరోజు ముందు నుంచే ఎదురుచూసింది. తన గుమ్మం దాటిపోతారేమోనని తడిక దగ్గర కనిపెట్టుకొని ఉన్నది.

ఆ కల్లుగీత కార్మికుడి బొమ్మను కొని తెచ్చాను. ప్రతి బదిలీలో మాతో పాటు తిరిగి, ఇప్పుడు వైతికుప్పంలో మా కొలువు మూడవ మెట్టు మీద తాటిచెట్టు ఎక్కుతూ ఉన్నాడు. నేను పాత క్యాలెండర్లు పంచిన సాయంత్రం కూడా అక్కడే ఉన్నాడు.

* * *

గుమ్మంలోకి వచ్చిన పిల్లకు ఏమి ఇవ్వాలి అన్నదానికి ఇప్పుడు నాకు ఒక కొలబద్ద దొరికింది. వస్తువు ఖరీదైనదా, రుచికరమైనదా అన్నది రెండవ ప్రశ్న. మొదటి ప్రశ్న, ఆ పిల్ల వస్తుందని మనం ముందుగా అనుకొన్నామా లేదా అన్నది. పోస్టుమాస్టరుగారు అనుకొన్నారు. నులిపురుగుల మాత్రల పెద్దమనిషి కూడా తన ధోరణిలో అనుకొన్నారు. మామ్మ అందరికన్నా ఎక్కువగా అనుకొన్నది. నేను అనుకోలేదు. చేతికి తగిలినది ఇచ్చి వదిలించుకొన్నాను. పుచ్చుకొనే వయసులో విసిరికొట్టి, ఇచ్చే వయసులో దులిపి పారేసి, రెండు విధాలా తప్పింది నేనే. పొరపాటు అనుకొని తిరిగి తెచ్చి ఇచ్చిన ఆ పిల్లకు ఉన్న మర్యాద నాకు ఎనిమిదేళ్ళకూ లేదు, యాభై దాటాకా లేదు.

ఆ రాత్రి శనగలు నానబెట్టాను. ఒకటికి రెండుసార్లు లేచి చూశాను కూడా. మరునాడు ఆఫీసు నుంచి వేళకు వచ్చి కుక్కరులో పెట్టాను. ఎన్ని కూతలు రానివ్వాలో యానాంకు ఫోను చేసి అడగడానికి అభిమానం అడ్డం వచ్చింది. ఫలితంగా గుగ్గిళ్ళు కావలసినవి ముద్ద అయ్యాయి. తిరగమోత మాత్రం బాగా కుదిరింది. నలుగురు పిల్లలూ వచ్చి, పాడి, ఆ ముద్దను కప్పులు నాకి మరీ తిన్నారు. చిన్నపిల్ల వెళ్ళేటప్పుడు, ఆంటీ ఎప్పుడు వస్తారని అడిగింది. విమర్శ అంత సున్నితంగా ఉండాలని మన తనిఖీ నివేదికలు రాసేవారు నేర్చుకోవచ్చు.

ఇవన్నీ తలచుకొని, ఆ ఆదివారమే న్యూజెర్సీకి తిరిగి ఫోను చేశాను.

“అమ్మలూ, ఆ బ్రష్షు ఇచ్చిన ఆయన ఎవరు?”

పళ్ళ డాక్టరేనట. చాలా పెద్దాయన. చలిలో గుమ్మం బయట కుర్చీ వేసుకొని, ఒళ్ళో పెట్టె నిండా రంగురంగుల బ్రష్షులు పెట్టుకొని కూర్చున్నారట. వచ్చిన ప్రతి పిల్లనూ ఏ రంగు కావాలని అడిగి ఇచ్చారట.

“నువ్వు ఏ రంగు తీసుకున్నావు?”

“పర్పుల్.”

“ఇప్పుడు అది ఎక్కడ ఉంది?”

అవతల కాసేపు నిశ్శబ్దం. “బాత్‌రూంలో ఉంది తాతయ్యా. ఇవాళ దానితోనే తోముకున్నాను.”

నాకన్నా నయం అనుకొన్నాను.

పాఠక మిత్రులకు ఒక చిన్న విన్నపం. మన కాలనీలలో దసరాకు, సంక్రాంతికి, భోగికి పిల్లలు తలుపు తడుతూనే ఉంటారు. ఏమి పెట్టినా ముందురోజే అనుకొని పెట్టండి. ఆ పిల్ల తిరిగి ఇచ్చిన క్యాలెండరు ఇప్పుడు నా బల్ల మీదనే ఉన్నది. తేదీలు ఎందుకూ పనికిరావు. దాని వెనుక అట్ట మీద మాత్రం పెద్ద అక్షరాలతో రాసిపెట్టుకొన్నాను: శనగలు, రాత్రి పడుకోబోయే ముందు.